నీళ్లు పారుతున్నంత కాలం లస్కరును ఎవరూ అడగరు

అమలాపురం పక్క ఊరి నుంచి ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. తన పేరు, కంపెనీ పేరు బయటపెట్టొద్దన్నారు. అందులోని సంగతి క్లుప్తంగా ఇదీ.

ఆవిడకు 34 ఏళ్లు. కాకినాడలో ఇంజనీరింగ్ చదివారు. ఒక పెద్ద అమెరికన్ టెక్నాలజీ కంపెనీకి హైదరాబాద్‌లో ఉన్న ఆఫీసు తరఫున సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా చేస్తున్నారు. చేరినప్పటి నుంచీ ఇంటి నుంచే పని. వచ్చే ఫిబ్రవరి నెలాఖరుకు ఐదేళ్లు నిండుతాయి. జీతం నెలకు 2,60,000, అందులో బేసిక్ 1,30,000. భర్త దగ్గర్లోని ప్రైవేటు కాలేజీలో లెక్చరరు, ఆయనకు 48 వేలు. పాప నాలుగో తరగతి. మావయ్యగారికి మూడెకరాల కొబ్బరి తోట ఉంది, షుగరూ ఉంది. ఇంటి లోనుకు నెలనెలా 42 వేలు కట్టాలి. బ్యాంకులో ఆరు లక్షల డిపాజిట్ ఉంది.

సెప్టెంబరు 15న మేనేజరు ఆవిడను పిప్‌లో పెట్టారు. పనితీరు ఫలానా గడువులోగా మెరుగుపడాలి, లేకపోతే ఉద్యోగం ఉండదు అని రాసిచ్చే కాగితం అది. గడువు 60 రోజులు, అంటే నవంబరు 14 దాకా. అందులో మూడు ఆరోపణలున్నాయి. జులై, ఆగస్టు నెలల్లో రెండుసార్లు ఆన్‌కాల్ (సిస్టం ఆగితే ఏ వేళైనా చూడాల్సిన వంతు) అలారం మోగితే పావుగంటలో అందుకోలేదు. పాత షెడ్యూలర్ (కంప్యూటర్ పనులను వేళకు నడిపే ప్రోగ్రాం) మీద నడిచే 23 జాబులను, అంటే అలాంటి పనులను, కొత్తదానికి మార్చే ప్రాజెక్టు మూడు నెలలు ఆలస్యమైంది. ‘ఓనర్‌షిప్, ప్రభావం తగినంత కనబడలేదు’ అన్నది మూడోది. ఈలోగా హెచ్‌ఆర్ నుంచి ఫోన్ వచ్చింది: అక్టోబరు 10లోగా రాజీనామా ఇస్తే మూడు నెలల జీతం ఇచ్చి అదే రోజు రిలీవ్ చేస్తాం అని. దీనికి తోడు జనవరి నుంచి అందరూ వారానికి మూడు రోజులు హైదరాబాద్ ఆఫీసుకు రావాలట. నవంబరు 20న ఆవిడ పేరున సుమారు ఏడు లక్షల విలువైన స్టాక్ (కంపెనీ షేర్లు) రావాల్సి ఉంది. అత్తయ్యగారేమో “ఉన్నది చాలు, మానేసి ఇంటిపట్టున ఉండు” అంటున్నారు. పిప్ సంగతి భర్తకు ఇంకా చెప్పలేదు.

“రాజీనామా ఇవ్వనా, నిలబడనా, కాపురం హైదరాబాద్ మార్చనా, మానేసి తోట చూసుకోనా? పన్నెండేళ్లు చేశాక నాకు పని రాదని రాశారు. అది తలుచుకుంటే అన్నం సహించడం లేదు” అని ముగించారు.

అమ్మా, అన్నం సహించడం లేదన్న మాట దగ్గరే మొదలుపెడతాను. మీకు పని రాదని ఆ కాగితంలో ఎక్కడా లేదు. మీరు పంపిన వాక్యాలు నిదానంగా మళ్లీ చదవండి. రెండు అలారాలు, ఒక ఆలస్యం, కనబడని ప్రభావం. మొదటి రెండింటికీ కారణాలున్నాయి, వాటి సంగతి కింద మాట్లాడదాం. మూడోది మాత్రం మీ ఉద్యోగ స్వభావంలోనే ఉన్న చిక్కు.

మన డెల్టాలో ధవళేశ్వరం దగ్గర వదిలిన నీరు శివారు భూములకు అందాలంటే దారి పొడవునా లాకుల దగ్గర లస్కర్లు తలుపులు ఎత్తుతూ, దించుతూ, నాచు తీస్తూ, గట్లు చూసుకుంటూ ఉండాలి. నీళ్లు పారుతున్నంత కాలం లస్కరు పేరు ఎవరికీ గుర్తురాదు. శివారు చేను బీటలు వారిన రోజున మాత్రం అందరూ ఆయన్నే వెతుకుతారు. మీరు నాలుగున్నరేళ్లుగా చేస్తున్నది ఆ పనే. అర్ధరాత్రి ఆగిన జాబులు నడిపించారు, కొత్తగా చేరినవాళ్లకు దారి చూపించారు, పక్క టీముల ప్రశ్నలకు జవాబులు చెప్పారు. అయితే లాకు దగ్గర గేజీ రీడింగు రాసే రిజిస్టరు ఒకటుంటుంది. ఏ పూట ఎంత మట్టం ఉందో అందులో ఉంటుంది కాబట్టి రేపు ఎవరైనా అడిగితే లస్కరు దాన్ని తెరిచి చూపించగలడు. మీ దగ్గర ఆ రిజిస్టరు లేదు. వేలమంది పనిచేసే కంపెనీలో రేటింగు తేల్చే గదిలో మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. మిగతావాళ్లు కాగితం మీద ఉన్నదే చూస్తారు.

కాబట్టి ఈ వారాంతంలో రెండు పూటలు కేటాయించి ఆ రిజిస్టరు రాయండి. టికెట్ల (మీకు వచ్చిన పనుల నమోదు) చరిత్ర, ఆన్‌కాల్ లాగులు, మీరు చేసిన కోడ్ రివ్యూలు అన్నీ కంపెనీ సిస్టంలోనే ఉంటాయి. జనవరి నుంచి నెలవారీగా వెళ్లండి. ఎన్ని అలారాలు అందుకున్నారు, ఎంతసేపట్లో సరిచేశారు, మళ్లీ రాకుండా ఏం మార్చారు, ఎవరి కోడ్ ఎన్నిసార్లు చూశారు, ఎవరికి పని నేర్పారు. ‘అలారాల రొద తగ్గించాను’ అని రాస్తే చాలదు. నెలకు ఎన్ని ఉండేవి, ఇప్పుడు ఎన్ని ఉన్నాయి అన్న రెండు అంకెలూ రాయాలి. అంతా రెండు పేజీలు దాటకూడదు. ఒక్క జాగ్రత్త: దీన్ని కంపెనీ లాప్‌టాప్‌లో, కంపెనీ డాక్యుమెంటుగానే రాయండి. కంగారులో కోడ్‌నో, కంపెనీ మెయిళ్లనో సొంత జీమెయిల్‌కు పంపుకోవడం, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవడం చేయకండి. పిప్‌లో ఉన్నవాళ్లు చేసే తప్పుల్లో అతి ఖరీదైనది ఇదే. పనితీరు బాగాలేదని తీసేస్తే నోటీసు జీతం వస్తుంది, సమాచారం బయటకు పంపారని తీసేస్తే అదీ రాకపోవచ్చు. మీ సొంత కాగితాలు మాత్రం ఇప్పుడే దాచుకోండి: ఆఫర్ లెటరు, పే స్లిప్పులు, ఫారం 16, స్టాక్ ఒప్పందం, ఇన్సూరెన్స్ కార్డులు.

ఇక అక్టోబరు 10 గడువు. మీరు నాలుగు ప్రశ్నలను ఒకే ముడిగా వేసుకున్నారు. నిజానికి అవి వేర్వేరు తేదీల మీద నడుస్తున్నాయి. హెచ్‌ఆర్ ప్రతిపాదన అక్టోబరు 10, పిప్ నవంబరు 14, స్టాక్ నవంబరు 20, ఆఫీసుకు వెళ్లడం జనవరి, ఐదేళ్లు నిండడం ఫిబ్రవరి. అక్టోబరు 10 నాడు తేల్చాల్సింది ఒక్కటే: ఆ మూడు నెలల జీతం మంచి బేరమా, కాదా?

లెక్క చూద్దాం. మూడు నెలలంటే 7,80,000. మీ ఒప్పందంలో నోటీస్ పీరియడ్ 60 రోజులని రాశారు. ఆ మూడు నెలల్లో నోటీసు జీతం కలిసి ఉంటే రెండు నెలలది ఎలాగూ మీకు రావాల్సిన సొమ్మే. వాళ్లు అదనంగా ఇస్తున్నది ఒక్క నెల జీతం. దానికి బదులు మీరు వదులుకుంటున్నవి చూడండి. అదే రోజు రిలీవ్ చేస్తే నవంబరు 20 నాటికి మీరు ఉద్యోగి కారు, ఏడు లక్షల స్టాక్ రద్దవుతుంది. ఆ స్టాక్ వచ్చిన రోజే జీతం కింద లెక్కకొస్తుంది కాబట్టి 31.2 శాతం చొప్పున 2,18,400 పన్ను పోయినా చేతిలో 4,81,600 మిగిలేది. గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకు కంపెనీ చివర్లో ఇచ్చే సొమ్ము, సంగతీ అంతే. చివరి బేసిక్‌ను 26తో భాగించి 15తో హెచ్చిస్తే మీకు ఏడాదికి 75,000. ఐదేళ్లకు 3,75,000.

గ్రాట్యుటీకి ఐదేళ్లు నిండాలన్నది సాధారణ నియమం. నాలుగేళ్లు నిండి ఐదో ఏట 240 రోజులు పనిచేస్తే చాలునని మద్రాసు హైకోర్టు తీర్పు ఉంది. వారానికి ఐదు రోజులే నడిచే సంస్థల్లో చట్టం 240 బదులు 190 రోజులు చూస్తుంది. అంటే మీకు వాదన ఉంది. కానీ అన్ని కంపెనీలూ దాన్ని ఒప్పుకోవు. ఒప్పుకోకపోతే కార్మిక శాఖ అధికారి దగ్గరకు వెళ్లాలి, అది నెలల తరబడి సాగుతుంది. రాజీనామా బేరంలోనే ‘గ్రాట్యుటీ చెల్లిస్తాం’ అన్న వాక్యం రాయించుకోవడం అంతకన్నా ఎంతో తేలిక.

ఇప్పుడు రెండో దారి. రాజీనామా ఇవ్వకుండా నవంబరు 14 దాకా ఉండి, పిప్‌లో నెగ్గలేకపోయారనే అనుకుందాం. అప్పటిదాకా ఐదు వారాల జీతం వస్తుంది, సుమారు మూడు లక్షలు. ఆపైన రెండు నెలల నోటీసు, 5,20,000. రెండూ కలిపితే హెచ్‌ఆర్ ఇస్తానన్న దానికన్నా కాస్త ఎక్కువే. నోటీసు కాలమంతా మిమ్మల్ని ఉద్యోగిగానే ఉంచితే చివరి రోజు జనవరి 13 అవుతుంది, స్టాకూ వస్తుంది. ఉంచకుండా నోటీసు డబ్బు చేతిలో పెట్టి నవంబరు 14నే పంపేస్తే ఆరు రోజుల తేడాతో స్టాక్ పోతుంది. అందుకే నోటీసు విషయంలో ఒప్పందంలోని మాటలు చాలా ముఖ్యం. స్టాక్ ఒప్పందంలో కూడా ‘చివరి పని రోజు దాకా’ అని ఉందో, ‘నోటీసు ఇచ్చిన రోజు దాకా’ అని ఉందో వెతకండి. రెండు రకాలూ ఉంటాయి.

ఇంత లెక్క చెప్పింది బేరం వద్దనడానికి కాదు. ఫోన్లో చెప్పిన బేరం బేరమే కాదు. హెచ్‌ఆర్‌కు ఒక మర్యాదైన మెయిల్ పెట్టండి: “మీరు చెప్పిన విషయం ఆలోచిస్తున్నాను. వివరాలు రాతపూర్వకంగా పంపగలరు. మూడు నెలల జీతంలో నోటీసు జీతం కలిసి ఉందా, విడిగానా? చివరి పని రోజు ఏది? నవంబరు 20 స్టాక్, గ్రాట్యుటీ, మిగిలిన సెలవుల సొమ్ము, కుటుంబం ఇన్సూరెన్స్ సంగతి ఏమిటి? రిలీవింగ్ లెటరులో ఏమని రాస్తారు?” ఇంతే. కోపం, సంజాయిషీ ఒక్క ముక్క ఉండకూడదు. చాలాసార్లు దీనికి జవాబుగా గడువూ పెరుగుతుంది, మొత్తమూ పెరుగుతుంది. మీరు అడగదగ్గ పెద్ద కోరిక డబ్బు కాదు, తేదీ. పని అప్పగించేసి ఫిబ్రవరి నెలాఖరు దాకా ఉద్యోగుల జాబితాలో ఉంచితే స్టాక్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ మూడూ దక్కుతాయి. అంతకు ఒప్పుకోకపోయినా నవంబరు చివరి వారం దాకా లాగగలిగితే సగం నెగ్గినట్టే. ఏ కాగితం వచ్చినా అదే రోజు సంతకం పెట్టకండి.

పిప్‌లో నెగ్గే అవకాశం ఉందా అని అడిగారు. దీనికి ఒక పరీక్ష ఉంది. మేనేజరుతో వచ్చే సమావేశంలో మూడు ఆరోపణలనూ కొలవగలిగే లక్ష్యాలుగా మార్చి మీరే ముందు పెట్టండి. నవంబరు 14లోగా 23 జాబుల్లో మిగిలిన తొమ్మిదీ మారుస్తాను. నా ఆన్‌కాల్ వారాల్లో ప్రతి అలారమూ పావుగంటలో అందుకుంటాను. ఆగిన జాబు తనంతట తాను తిరిగి మొదలయ్యే పద్ధతి మీద డిజైన్ డాక్ (ఎలా చేయాలో వివరించే పత్రం) ఒకటి రాసి ఇద్దరు సీనియర్ల ఆమోదం తీసుకుంటాను. ఇవి చేస్తే సరిపోతుందా అని అడగండి. మేనేజరు కూర్చుని ‘తొమ్మిది కష్టం, ఏడు చాలు’ అని సవరిస్తే ఆయన మిమ్మల్ని ఉంచుకోవాలనే చూస్తున్నారు. ‘అంకెల సంగతి కాదు, మొత్తంగా మెరుగుదల కనబడాలి’ అంటూ జారవిడిస్తే నిర్ణయం పైన ఎప్పుడో జరిగిపోయింది. రెండోది జరిగినా ఆయన మీద పగ పెట్టుకోకండి. చాలా పెద్ద కంపెనీల్లో టీముకు ఇంతమందిని కింది రేటింగులో చూపించాలన్న ఒత్తిడి మేనేజర్ల మీద ఉంటుంది. ఏం జరిగినా ప్రతి సమావేశం అయ్యాక గంటలోపే ‘ఈరోజు మనం అనుకున్నవి ఇవి’ అని నాలుగు వాక్యాల మెయిల్ పెట్టండి.

ప్రాజెక్టు ఆలస్యానికి మీరు చెప్పిన కారణం ‘అమెరికా వాళ్లు జవాబివ్వరు’. అది నిజమే కానీ సగమే. మీరు ఉదయం పది గంటలకు కోడ్ పంపితే అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. వాళ్లు చూసేసరికి మీకు రాత్రి. వాళ్లు అడిగిన ప్రశ్న మీరు చూసేది మర్నాడు. అంటే ఒక్కో ప్రశ్నకు ఒక్కో రోజు. వెయ్యి పంక్తుల మార్పు ఒకేసారి పంపితే ఏడెనిమిది ప్రశ్నలు వస్తాయి, వారంన్నర పోతుంది. ఒక్కో మార్పును 200 పంక్తులు దాటకుండా ముక్కలు చేయండి. ఏం మార్చారు, ఎందుకు, ఎలా పరీక్షించారు, తేడా వస్తే వెనక్కి ఎలా తిప్పాలి అన్నవి పైనే రాయండి. సాయంత్రం ఏడింటికి పంపి, తొమ్మిదికి అరగంట కాల్ పెట్టుకుంటే పశ్చిమ తీరంలో ఉదయం ఎనిమిదిన్నర అవుతుంది, అక్కడికక్కడే తేలిపోతుంది. నవంబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. ఆనాటి నుంచి అదే కాల్ మీకు పదింటికి పడుతుంది. అవతలి టీము వారంలో జవాబివ్వకపోతే మౌనంగా ఎదురుచూడకండి. ఇద్దరు మేనేజర్లనూ కలిపి ‘ఈ జాబు ఫలానా వారి ఆమోదం కోసం ఫలానా తేదీ నుంచి ఆగి ఉంది’ అని రాయండి. ఫిర్యాదు అనుకుంటారేమోనని మీరు సంకోచించిన ఆ మెయిలునే పెద్ద కంపెనీల్లో ఓనర్‌షిప్ అంటారు.

అలారాల విషయంలో మీతో నిజం చెప్పాలి. జులైలో గాలివానకు కరెంటు, నెట్ రెండూ పోయాయి. అది అందరూ అర్థం చేసుకుంటారు. ఆగస్టులో ఫోన్ మౌనంగా ఉండిపోయింది, అది మీ బాధ్యతే. ఒప్పేసుకుని, మళ్లీ జరగకుండా ఏం చేశారో చూపించండి. ఫోన్ సెట్టింగుల్లో అలారం యాప్‌కు డు నాట్ డిస్టర్బ్ నుంచి మినహాయింపు ఇవ్వండి, బ్యాటరీ పొదుపు దానికి వర్తించకుండా తీసేయండి. చాలా ఫోన్లు రాత్రి పూట ఆ పొదుపు పేరుతోనే యాప్‌ను చంపేస్తాయి. నోటిఫికేషన్ ఒక్కటే నమ్ముకోకుండా రెండు నిమిషాల్లో అందుకోకపోతే ఫోన్ కాల్, ఐదు నిమిషాల్లో అందుకోకపోతే రెండో ఇంజనీరుకు వెళ్లేలా పెట్టండి. డేటా పడిపోయినా మామూలు కాల్ వచ్చే సందర్భాలు మన వైపు చాలా ఉంటాయి. అందుకే రెండో సిమ్ వేరే కంపెనీది ఉండాలి.

కరెంటు సంగతి. 150 ఏహెచ్ బ్యాటరీ ఇన్వర్టరు ఉందన్నారు. లాప్‌టాప్ 65 వాట్లు, ఫైబర్ పెట్టె, రౌటరు కలిపి 25 వాట్లు. ఆ రెండే నడిపితే పది గంటలు హాయిగా వస్తుంది. అదే ఇన్వర్టరు మీద మూడు ఫ్యాన్లు, టీవీ ఉంటే మూడు నాలుగు గంటలకే చేతులెత్తేస్తుంది. ఫైబర్ పెట్టెకు, రౌటరుకు విడిగా చిన్న డీసీ యూపీఎస్ పెట్టండి. మీ ఇంట్లో కరెంటున్నా వీధి చివర కేబుల్ ఆపరేటరు బాక్సులో బ్యాటరీ అయిపోతే నెట్ పోతుంది. ఆయన్ను అడిగి అక్కడ ఎన్ని గంటల బ్యాకప్ ఉందో తెలుసుకోండి. పెట్టె మీద ‘ఎల్ఓఎస్’ అన్న ఎర్ర దీపం వెలిగితే మీ ఇంటికి వెలుతురు రావడం లేదని. తీగ తెగడమో, ఆ వీధి బాక్సు ఆగిపోవడమో జరిగి ఉంటుంది. ఆ దీపం లేకుండా నెట్ పోతే తప్పు పైన ఎక్కడో ఉంది. ఈ తేడా చెబితే ఆపరేటరు కూడా త్వరగా కదులుతాడు. ఇక అక్టోబరు, నవంబరు మనకు తుపాన్ల కాలం. వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే ఆ వారం ఆన్‌కాల్‌ను హైదరాబాద్‌లో ఉన్నవాళ్లతో మార్చుకుని, బదులుగా దీపావళో క్రిస్మసో మీరు తీసుకోండి. తుపాను వచ్చాక అడిగితే సాకులా ఉంటుంది, రెండు రోజుల ముందు అడిగితే బాధ్యతలా ఉంటుంది.

వేరే టీముకు మారొచ్చా అన్నారు. పిప్ నడుస్తుండగా సాధారణంగా ఆ తలుపు మూసేస్తారు. నెగ్గాక కూడా కొన్ని నెలలు ఆగాల్సి రావొచ్చు. దాని మీద ఆశ పెట్టుకోకండి.

బయట ఉద్యోగం వెతకడం మాత్రం ఈరోజే మొదలుపెట్టండి. పిప్‌లో నెగ్గినా సరే. చేతిలో ఉద్యోగం ఉండగా వెతకడానికీ, వదిలేశాక వెతకడానికీ బేరం చేసే బలంలో చాలా తేడా ఉంది. రోజుకు గంటన్నర కోడింగు ప్రశ్నలకు, వారంలో రెండు సాయంత్రాలు సిస్టం డిజైన్‌కు పెట్టండి. మీరు రాసుకునే ఆ రెండు పేజీల రిజిస్టరు ఇంటర్వ్యూలోనూ పనికొస్తుంది, కంపెనీ గుట్టు చెప్పకుండా మీ మాటల్లో చెప్పాలి, అంతే. కొత్త కంపెనీ సాధారణంగా ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, ఏ హోదాలో చేశారన్నది పాత కంపెనీతో సరిచూసుకుంటుంది. పిప్ గురించి మీ అంతట మీరు చెప్పనక్కర్లేదు. నేరుగా అడిగితే అబద్ధం ఆడకండి.

హైదరాబాద్ విషయం జనవరిది కాబట్టి నవంబరు 14 దాకా దాన్ని పక్కన పెట్టొచ్చు. అయినా లెక్క తెలిసి ఉండటం మంచిది. కాపురం మార్చకుండా కూడా నడపొచ్చు: సోమవారం రాత్రి బస్సు, మంగళ, బుధ, గురు ఆఫీసు, గురువారం రాత్రి బస్సు, శుక్రవారం ఇంటి నుంచి. కోనసీమలోకి రైలు లేదు కాబట్టి రైలంటే రాజమండ్రి వెళ్లి ఎక్కాలి, లేదా చించినాడ వంతెన దాటి పాలకొల్లు. హాస్టలు, బస్సులు, తిండి కలిపి నెలకు పాతిక వేలు అనుకోండి. డబ్బు కన్నా వారానికి రెండు రాత్రులు బస్సులో నిద్ర అసలు ఖర్చు. ఆరు నెలలు ఎవరైనా చేయగలరు, రెండేళ్లు చేస్తే వెన్ను, నిద్ర రెండూ పాడవుతాయి. కాపురమే మారిస్తే ఆయన ఉద్యోగం, పాప బడి, పెద్దవాళ్ల ఒంటరితనం లెక్కలోకి వస్తాయి. పిప్‌లో ఉన్న ఉద్యోగం కోసం మాత్రం ఇప్పుడు అద్దె ఇల్లు చూడకండి.

అత్తయ్యగారి మాట కొట్టిపారేయదగ్గది కాదు. మీ మీద ప్రేమతోనే అన్నారు. కానీ తోటను జీతంతో పోల్చేటప్పుడు మావయ్యగారి లెక్కల పుస్తకం తెరవండి. మూడెకరాలంటే దాదాపు రెండు వందల చెట్లు. దింపు కూలి, వలుపు, ఎరువులు, తెల్లదోమ వచ్చిన ఏడాది మందులు పోగా గడిచిన ఐదేళ్లలో ఏటా ఎంత మిగిలిందో రాయండి. అంబాజీపేట మార్కెట్లో ధర బాగున్న ఒక్క ఏడాది చూసి నిర్ణయించకండి. ఐదేళ్ల సగటు తీయండి. తోట చూసుకోవాలన్నది మీ కోరికైతే అది మంచి కోరికే. పిప్ నుంచి దాక్కోవడానికి అయితే రెండేళ్లకు బాధపడతారు.

ఇక మీరు రాయని ఒక లెక్క. లోను 42 వేలు, ఇల్లు గడవడానికి 35, పాప ఫీజు, మందులకు 8. మొత్తం 85 వేలు. ఆయన జీతం 48 పోగా నెలకు 37 వేలు తక్కువ. మీ ఆరు లక్షల డిపాజిట్ ఆ లోటును 16 నెలలు పూడుస్తుంది. దానికి నోటీసు జీతం, స్టాక్ కలిస్తే ఇంకా ఎక్కువ. ‘ఉద్యోగం పోతే వీధిన పడతాం’ అని రాశారు, మీ అంకెలు ఆ మాట చెప్పడం లేదు. పీఎఫ్ ముట్టుకోకండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. పాత కంపెనీల పీఎఫ్ ఇదే యూఏఎన్ (కంపెనీ మారినా మారని పీఎఫ్ నంబరు) కిందికి మారిందో లేదో చూసుకోండి, మారితే ఆ సర్వీసూ కలుస్తుంది. చేతిలో ఉన్న స్టాకును అమ్మకపోయినా ఆదాయపు పన్ను రిటర్ను ఐటీఆర్-2లో విదేశీ ఆస్తుల షెడ్యూలులో ఏటా చూపించాలి, దాని లెక్క జనవరి నుంచి డిసెంబరు దాకా. మావయ్యగారి ఆరోగ్య బీమా కంపెనీ పాలసీలో ఉంది, మీ చివరి రోజుతో అది ఆగిపోతుంది. అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీలోకి మార్చుకుంటే షుగరుకు ఇప్పటిదాకా గడిచిన వెయిటింగు కాలం (పాత జబ్బుకు బీమా వర్తించేదాకా ఆగాల్సిన కాలం) కలిసొస్తుంది. ముందుగానే దరఖాస్తు పెట్టాలి కాబట్టి ఈ ఒక్క పని మాత్రం ఫలితం కోసం ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టండి.

ఈ లెక్కలన్నీ మీ భర్త ముందు పెట్టండి. ఉద్యోగం ఊగుతోందని చెప్పడానికి కాదు, 16 నెలల లెక్క ఇద్దరూ కలిసి సరిచూడటానికి. పాప పడుకున్నాక పిప్ కాగితం, స్టాక్ ఒప్పందం, బ్యాంకు పుస్తకం మూడూ బల్ల మీద పరిచి కూర్చోండి. హెచ్‌ఆర్‌కు పెట్టే మెయిలు ఆయన్నే ఒకసారి చదవమనండి. కోపం కనబడిన చోట గీత కొట్టమనండి. ఆ తర్వాతే పంపండి.